తెనేర్ క్రియతో తంటాలు: సమస్య - పరిష్కారం

స్పానిష్‌లో వయసు చెప్పాలన్నా, ఆకలి వేస్తోందనాలన్నా, ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పాలన్నా, వెళ్లక తప్పదనాలన్నా తెనేర్ అనే ఒక్క క్రియే దిక్కు. దీనికి నిఘంటువు ఇచ్చే అర్థం 'కలిగి ఉండు'. వర్తమాన కాలంలో దీనికి ఉన్నవి ఆరు రూపాలే, వాటిని కంఠస్థం చేయడానికి ఒక పూట చాలు. అయినా మాట్లాడబోయేసరికి నాలుక తడబడుతుంది. తప్పులన్నీ క్రియారూపాల పట్టికలో పుట్టేవైతే ఇలా జరగదు. సగం తప్పులు ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, ఎక్కడ పడుతుందో గమనించకపోవడం వల్ల వస్తాయి. మిగతా సగం, అంటే మొండి సగం, వాక్యంలో కర్త ఎవరో తేల్చుకోకుండా క్రియారూపం కోసం వెతకడం వల్ల వస్తాయి. తెలుగులో 'నాకు ఉంది' అంటాం, అందులో 'నేను' కర్త కాదు. స్పానిష్‌లో మాత్రం నేనే కర్తను. ఈ చిన్న తేడా చుట్టూ ఎన్ని తప్పులు పోగుపడ్డాయో కింద చూడవచ్చు.

ముందుగా లిపి గురించి ఒక మాట. ఇక్కడ స్పానిష్ మాటల్లో ఊనిక పడే అచ్చును దీర్ఘంగా, మిగతావాటిని హ్రస్వంగా రాశాను. పలికేటప్పుడు నిజంగా సాగదీయకండి, ఆ అక్షరాన్ని కొంచెం నొక్కి పలికితే చాలు. ఒకే అక్షరం ఉన్న మాటలకు ఈ లెక్క లేదు. 'త' మన 'తల'లోని త లాగానే పలుకుతుంది, 'టేబుల్'లోని ట కాదు. స్పెయిన్‌లో 'థ'గా పలికే కొన్ని చోట్ల లాటిన్ అమెరికా ఉచ్చారణ ప్రకారం 'స' రాశాను.

రూపాలు ఇవి:

యొ తేంగొ - నేను
తూ త్యేనెస్ - నువ్వు
ఎల్, ఏయ, ఉస్తేద్ త్యేనె - అతను, ఆమె, మీరు (ఒక్కరే)
నొసోత్రొస్ తెనేమొస్ - మేము, మనం
బొసోత్రొస్ తెనేయిస్ - మీరు (చనువున్న పలువురు, స్పెయిన్‌లో)
ఏయొస్, ఉస్తేదెస్ త్యేనెన్ - వాళ్లు, మీరు (పలువురు)

సమస్య: 'నేను' అనేచోట 'తేనొ' అనో 'త్యేనొ' అనో వచ్చేస్తోంది

కారణం: మెదడు నియమం ప్రకారమే నడుస్తోంది, క్రియ నడవడం లేదు. 'ఏర్'తో ముగిసే మామూలు క్రియల్లో ఆ చివరిభాగం తీసేసి 'ఒ' తగిలిస్తే 'నేను' రూపం వస్తుంది. కొమేర్ (తిను) నుంచి కోమొ వచ్చినట్టు తెనేర్ నుంచి తేనొ రావాలి కదా అని నోరు అనుకుంటుంది. ఇక త్యేనెస్, త్యేనె ముందుగా అలవాటైనవారి నోట త్యేనొ వస్తుంది.

పరిష్కారం: తేంగొను ఒంటరిగా గుర్తుపెట్టుకోకండి. 'గొ' చేరే క్రియలు ఒక గుంపుగా ఉన్నాయి: బెనీర్ (వచ్చు) - బేంగొ, పొనేర్ (పెట్టు) - పోంగొ, సలీర్ (బయటికి వెళ్లు) - సాల్గొ, అసేర్ (చేయు) - ఆగొ, దెసీర్ (చెప్పు) - దీగొ, త్రఏర్ (తెచ్చు) - త్రాయ్గొ, ఒయీర్ (విను) - ఓయ్గొ. వీటన్నిటిలో 'గొ' కనిపించేది 'నేను' రూపంలో మాత్రమే. వరసగా నాలుగుసార్లు బిగ్గరగా చదివితే 'నేను అనగానే గొ' అని చెవికి పట్టుబడుతుంది. వీటిలో తెనేర్‌కు అచ్చంగా జోడీ బెనీర్. బేంగొ, బ్యేనెస్, బ్యేనె అంటూ అదే బాటలో నడుస్తుంది. ఒకటి వస్తే రెండోది సగం వచ్చినట్టే.

తేంగొ పలకడంలో మనకు ఒక సౌలభ్యం ఉంది. 'గ'కు ముందు వచ్చే అనునాసికం స్పానిష్‌లో ఎలా పలుకుతుందో, తెలుగు సున్న 'గ' ముందు సరిగ్గా అలాగే పలుకుతుంది. 'రంగు', 'దొంగ' అన్నప్పుడు వచ్చే ధ్వనే అది. దానికోసం ప్రత్యేకంగా సాధన చేయనక్కర్లేదు.

సమస్య: 'మేము' అనేచోట 'త్యెనేమొస్' వస్తోంది

ఇది అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే తప్పు. దీని కారణం తెలిస్తే ఈ ఒక్క క్రియే కాదు, ఇలాంటి క్రియలు మరెన్నో వాటంతట అవే దారికి వస్తాయి.

కారణం: 'త్యే' అనే ముక్క ధాతువుకు శాశ్వతంగా అంటుకున్నది కాదు. ఊనిక ధాతువు మీద పడినప్పుడు మాత్రమే 'తె' విచ్చుకుని 'త్యే' అవుతుంది. త్యేనెస్, త్యేనె, త్యేనెన్ రూపాల్లో ఊనిక మొదటి అక్షరం మీద ఉంది. తెనేమొస్, తెనేయిస్ రూపాల్లో అది ప్రత్యయం మీదికి జరిగింది. ఊనిక వెళ్లిపోయింది కాబట్టి విచ్చుకోవడం కూడా ఆగిపోయింది. తేంగొలో ఊనిక ధాతువు మీదే ఉన్నా 'గొ' వచ్చి చేరింది, ఆ చోట 'యే' రాదు. మినహాయింపు అదొక్కటే.

ఇది లాటిన్ నుంచి స్పానిష్ రూపుదిద్దుకున్న కాలంలో జరిగిన ధ్వని మార్పు. లాటిన్‌లోని హ్రస్వ 'ఎ' ఊనిక కింద 'యే' అయింది, హ్రస్వ 'ఒ' ఊనిక కింద 'వే' అయింది. ఇది క్రియలకే పరిమితం కాదు. అంకెల్లో చూడండి. 7 అంటే స్యేతె, 70 అంటే సెతేంత. 9 అంటే న్వేవె, 90 అంటే నొవేంత. ఊనిక కుడివైపు జరగ్గానే స్యే కాస్తా సె అయింది, న్వే కాస్తా నొ అయింది. నేల అంటే త్యేర్ర, స్థలం అంటే తెర్రేనొ. స్పానిష్ నేర్చుకునేవారికి అంకెలు మొదటి వారంలోనే వస్తాయి కాబట్టి ఈ నియమం తెలియకుండానే వారి నోట్లో ఉంది. దాన్ని క్రియకు వర్తింపజేయడమే మిగిలింది.

పరిష్కారం: ఆరు రూపాలు చదువుతూ, ఊనిక పడిన అక్షరం దగ్గర బల్ల మీద వేలితో తట్టండి. తేం-గొ, త్యే-నెస్, త్యే-నె అన్నప్పుడు మొదటి అక్షరం మీద తడతారు. తె-నే-మొస్ దగ్గరికి రాగానే వేలు రెండో అక్షరం మీద పడుతుంది. వేలు జరిగిందంటే 'యే' పోయిందని అర్థం. ఆ తర్వాత కెరేర్ (కోరు) క్రియను ఇదే పద్ధతిలో చదవండి: క్యేరొ, క్యేరెస్, క్యేరె, కెరేమొస్, కెరేయిస్, క్యేరెన్. పొదేర్ (చేయగలుగు) కూడా ఇంతే: ప్వేదొ, ప్వేదెస్, ప్వేదె, పొదేమొస్, పొదేయిస్, ప్వేదెన్. పాఠ్యపుస్తకాల్లో వీటిని బూటు క్రియలంటారు. పట్టికలో మారే రూపాల చుట్టూ గీత గీస్తే బూటు ఆకారం వస్తుందట. ఆ బొమ్మ చూసి కాగితం మీద రాయడం బాగానే వస్తుంది కానీ మాట్లాడేటప్పుడు కళ్ల ముందు పట్టిక ఉండదు, చెవిలో ఊనిక మాత్రం ఉంటుంది. అందుకే బూటు కన్నా వేలి దరువే నయం అంటాను.

'త్యే'ను 'తి-యే' అని రెండు ముక్కలుగా విడదీసి పలకడం కూడా వింటుంటాం. అది ఒకే అక్షరం. 'సత్యేంద్ర' అనే పేరులో వచ్చే త్యే సరిగ్గా అదే.

సమస్య: త్యేనెస్ అని నేర్చుకున్నాను, అర్జెంటీనావారు తెనేస్ అంటున్నారు

కారణం: వారిది తప్పు కాదు, మీదీ తప్పు కాదు. అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వేలలోనూ మధ్య అమెరికాలో చాలాచోట్లా 'నువ్వు' అనడానికి తూ బదులు బోస్ అంటారు. బోస్ రూపంలో ఊనిక ప్రత్యయం మీద పడుతుంది కాబట్టి ధాతువు విచ్చుకోదు, తెనేస్ అవుతుంది. పైన చెప్పిన నియమానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

పరిష్కారం: అర్థం చేసుకోగలిగితే చాలు. తూ త్యేనెస్ అంటే వారికి తెలుస్తుంది. ఆ దేశాల్లో స్థిరపడేవారు బోస్ తెనేస్ అలవాటు చేసుకుంటే మంచిది. అలాగే లాటిన్ అమెరికాకే పరిమితమయ్యేవారికి తెనేయిస్ రూపంతో పనే లేదు. అక్కడ ఎంత చనువున్నవారైనా పలువురిని కలిపి పలకరిస్తే ఉస్తేదెస్ త్యేనెన్ అనే అంటారు.

సమస్య: 'నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు' అనబోతే 'వాళ్లకు ఇద్దరు అన్నలు ఉన్నారు' అయిపోతోంది

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

'నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు' అన్న తెలుగు వాక్యంలో క్రియ 'ఉన్నారు'. అది బహువచనం. ఎందుకు? అన్నలు ఇద్దరు కాబట్టి. అంటే కర్త అన్నలే. 'నాకు' అన్నది 'కు' విభక్తి తగిలించుకుని పక్కన నిలబడిన మాట. ఈ వాక్యాన్ని మనసులో పెట్టుకుని స్పానిష్‌లోకి దిగినవారు ఆ 'ఉన్నారు'కు సరిపడే బహువచన రూపం కోసం వెతికి 'త్యేనెన్ దొస్ ఎర్మానొస్' అంటారు. వ్యాకరణపరంగా ఆ వాక్యంలో ఏ దోషమూ లేదు. అందుకే ఎదుటివారు దిద్దరు. 'వాళ్లకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు' అని అర్థం చేసుకుని, ఎవరి గురించి చెబుతున్నారా అని ఆలోచనలో పడతారు.

కారణం: స్పానిష్‌లో కర్త మారిపోయింది. ఉన్నవాడు కర్త, ఉన్నది కర్మ. అన్నలు ఇద్దరైనా ఇరవైమంది అయినా క్రియ వారి వైపు చూడదు, 'నేను' వైపే చూస్తుంది. 'తేంగొ దొస్ ఎర్మానొస్' - అంతే.

పరిష్కారం: నోరు తెరిచే ముందు తెలుగు వాక్యంలో 'కు' లేదా 'కి' తగిలించుకున్న మాటను పట్టుకోండి. ఆ విభక్తిని తీసేయండి. మిగిలినదే కర్త. నాకు - నేను - తేంగొ. మాకు - మేము - తెనేమొస్. ఆమెకు - ఆమె - త్యేనె. పిల్లలకు - పిల్లలు - త్యేనెన్. మనుషులకే కాదు, వస్తువులకూ ఇదే వర్తిస్తుంది. 'గదికి రెండు కిటికీలు ఉన్నాయి' అంటే కిటికీల సంఖ్య చూడకుండా గదిని పట్టుకోవాలి: 'ఎల్ క్వార్తొ త్యేనె దొస్ బెంతానస్'. గది ఒక్కటే, కాబట్టి త్యేనె.

ఇదే తప్పుకు మరో ముఖం 'అ మీ తేంగొ' అనడం. ఇందులో 'అ మీ' అంటే 'నాకు'. రూపం సరిగ్గా వచ్చినా ముందున్న 'నాకు'ను వదల్లేకపోయారన్నమాట. దీనికి సగం బాధ్యత గుస్తార్ క్రియది. 'అ మీ మె గూస్త' అంటే అచ్చంగా 'నాకు నచ్చుతుంది'. అక్కడ స్పానిష్ మన దారిలోనే నడుస్తుంది కాబట్టి తెలుగువారికి ఆ క్రియ చాలా సుఖంగా వస్తుంది. ఆ సుఖానికి అలవాటుపడి తెనేర్ దగ్గర కూడా అదే దారి పట్టకూడదు. 'కు' తీసేసే చిట్కా 'నాకు ఉంది' తరహా వాక్యాలకే. 'నాకు తెలుసు', 'నాకు కావాలి' అన్నవి వేరే క్రియలు. మొదటిది సె, రెండోది క్యేరొ.

ఇక 'నా దగ్గర'. 'నా దగ్గర డబ్బు ఉంది' అన్నదాన్ని మాటకు మాట మార్చి 'సేర్క దె మీ ఆయ్ దినేరొ' అంటే నా చుట్టుపక్కల ఎక్కడో డబ్బు పడి ఉందన్న అర్థం వస్తుంది. తెలుగులో శాశ్వతంగా ఉండే బంధాలకు 'నాకు', చేతిలో ఉన్న వస్తువులకు 'నా దగ్గర' అని వేరు చేస్తాం. తెనేర్‌కు ఆ పట్టింపు లేదు. అన్నలైనా డబ్బైనా తేంగొ.

సమస్య: పెద్దల గురించి చెప్పేటప్పుడు క్రియ బహువచనంలోకి జారుతోంది

కారణం: మన మర్యాద. 'నాన్నగారికి 60 ఏళ్లు', 'నాన్నగారు వచ్చారు' అని అలవాటైన నోటికి తండ్రి గురించి ఏకవచనంలో మాట్లాడడం ఇబ్బందిగా ఉంటుంది. దాంతో 'మి పాద్రె త్యేనెన్' వస్తుంది. స్పానిష్‌లో గౌరవం క్రియ వచనంలో ఉండదు. తండ్రి అయినా దేశాధ్యక్షుడైనా ఒక్కరే కాబట్టి 'మి పాద్రె త్యేనె సెసేంత ఆన్యొస్'.

ఎదురుగా ఉన్న పెద్దవారితో మాట్లాడేటప్పుడు చిక్కు ఇంకాస్త పెరుగుతుంది. మన 'మీరు' గౌరవానికీ బహువచనానికీ ఒకటే. స్పానిష్‌లో గౌరవించాల్సిన ఒక్కరికి ఉస్తేద్, పలువురికి ఉస్తేదెస్. ఆ ఉస్తేద్ చూస్తే మధ్యమ పురుష, కట్టుకునేది ప్రథమ పురుష క్రియ. ఇది పాతకాలంలో 'బ్వేస్త్ర మెర్సేద్' అనే సంబోధన అరిగి మిగిలిన మాట. 'తమ కృప' వంటి అర్థం. 'ప్రభువులవారు సెలవిచ్చారు' అని ఎదురుగా ఉన్న ప్రభువుతోనే అనడం లాంటిదే ఇది కూడా. బిరుదును పలకరిస్తున్నాం కాబట్టి క్రియ 'ఆమె, అతను' వరసలోకి వెళ్లింది.

పరిష్కారం: 'మీరు' అనుకోగానే తలలు లెక్కపెట్టండి. ఒకటైతే 'త్యేనె', అంతకు మించితే 'త్యేనెన్'. 'మీకు సమయం ఉందా?' అని ఒక పెద్దాయనను అడగాలంటే 'త్యేనె ఉస్తేద్ త్యేంపొ?'. ఇక్కడ ఉస్తేద్ అనే మాటను పూర్తిగా వదిలేయకుండా ఒకసారి వినిపించడమే మర్యాద. మిగతా పురుషల్లో సర్వనామం అక్కర్లేదు. తెలుగులో 'వస్తాను' అంటే నేనే అని తెలిసినట్టు తేంగొ అంటే నేనే అని తెలుస్తుంది.

సమస్య: 'సోయ్ బేయింతె ఆన్యొస్', 'ఎస్తోయ్ ఆంబ్రె' వంటి వాక్యాలు వస్తున్నాయి

కారణం: ఇంగ్లీషు మీదుగా దారి మళ్లడం. ఇంగ్లీషులో వయసుకూ ఆకలికీ 'ఉండు' క్రియ వాడతారు కాబట్టి దాన్ని స్పానిష్‌లోకి తెచ్చి సేర్ లేదా ఎస్తార్ వాడేస్తున్నారు (సోయ్, ఎస్తోయ్ వాటి 'నేను' రూపాలు). తెలుగులోంచి నేరుగా వచ్చి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు. 'నాకు 20 ఏళ్లు' అనుకుని 'కు' తీసేస్తే నేను, నేనంటే తేంగొ: 'తేంగొ బేయింతె ఆన్యొస్'. స్పానిష్ దృష్టిలో మనిషి 20 ఏళ్లను పోగుచేసి తన దగ్గర ఉంచుకున్నాడు.

ఆన్యొస్‌లోని 'న్య'ను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 'ఆనొస్' అని పలికితే ఏళ్లు కాస్తా మలద్వారాలు అవుతాయి. టైపు చేసేటప్పుడు ఆ అక్షరం నెత్తిన ఉండే గీతను బద్ధకించి వదిలేసేవారు ఎందరో.

తెనేర్‌తో వచ్చే శరీర స్థితులు, మనోస్థితులు ఇవి: ఆంబ్రె (ఆకలి), సెద్ (దాహం), స్వేన్యొ (నిద్ర), ఫ్రీఒ (చలి), కలోర్ (వేడి, ఉక్క), మ్యేదొ (భయం), ప్రీస (తొందర), స్వేర్తె (అదృష్టం), రసోన్ (న్యాయం, 'త్యేనెస్ రసోన్' అంటే నువ్వన్నది నిజమే). 'తేంగొ గానస్ దె దొర్మీర్' అంటే పడుకోవాలనిపిస్తోంది.

ఇక్కడ 'కు' చిట్కా ఒక్కటే సరిపోదని ఒప్పుకోవాలి. 'నాకు ఆకలిగా ఉంది' తేంగొ అవుతుంది కానీ 'నాకు సంతోషంగా ఉంది' కాదు. అది 'ఎస్తోయ్ కొంతేంతొ', స్త్రీ అయితే 'ఎస్తోయ్ కొంతేంత'. కారణం ఏమిటంటే ఆంబ్రె నామవాచకం, కొంతేంతొ విశేషణం. నామవాచకాన్ని కలిగి ఉంటాం, విశేషణంగా ఉంటాం. తెలుగులో రెంటికీ 'గా' చేరి తేడా కనిపించదు. పై జాబితా చిన్నదే కాబట్టి బట్టీ పట్టడమే మేలు. దీనికి అడ్డదారి లేదు.

నామవాచకమని తెలిస్తే ఇంకో తప్పు కూడా పోతుంది. 'చాలా ఆకలిగా ఉంది' అనడానికి 'తేంగొ మూయ్ ఆంబ్రె' అంటుంటారు. మూయ్ విశేషణాల ముందు వస్తుంది. నామవాచకం ముందు మూచొ, స్త్రీలింగమైతే మూచ రావాలి: మూచ ఆంబ్రె, మూచ సెద్, మూచ ప్రీస, కానీ మూచొ స్వేన్యొ, మూచొ ఫ్రీఒ, మూచొ కలోర్. ఆంబ్రె ముందు 'ఎల్' కనిపించడం వల్ల అది పుంలింగమనుకుంటారు. ఊనిక గల 'ఆ'తో మొదలయ్యే స్త్రీలింగ నామవాచకాలకు పలికే సౌలభ్యం కోసం ఏకవచనంలో ఎల్ తగిలిస్తారు, లింగం మాత్రం మారదు.

వేడి విషయంలో మాత్రం మూడు దారులున్నాయి, దారి తప్పితే నవ్వులపాలవుతారు. వాతావరణం వేడిగా ఉంటే 'ఆసె కలోర్'. నాకు ఉక్కగా ఉంటే 'తేంగొ కలోర్'. సూపు వేడిగా ఉంటే 'ల సోప ఎస్తా కల్యేంతె'. ఈ మూడోదాన్ని తనకు అన్వయించుకుని 'ఎస్తోయ్ కల్యేంతె' అన్నవారు తమ కామోద్రేకాన్ని నలుగురిలో ప్రకటించినట్టవుతుంది.

సమస్య: 'ఉంది' అనగానే తెనేర్, ఆయ్, ఎస్తా - ఏది వాడాలో తోచడం లేదు

కారణం: తెలుగు 'ఉండు' చేసే పనిని స్పానిష్‌లో ముగ్గురు పంచుకున్నారు. వాక్యంలోని విభక్తి చూస్తే ఎవరి వంతో తేలిపోతుంది.

'గదికి కిటికీలు ఉన్నాయి' - కి ఉంది, కాబట్టి తెనేర్. 'గదిలో ఒక బల్ల ఉంది' - లో ఉంది, బల్ల గురించి ఇప్పుడే మొదటిసారి చెబుతున్నాం, కాబట్టి 'ఎన్ ఎల్ క్వార్తొ ఆయ్ ఊన మేస'. 'ఆ బల్ల గదిలో ఉంది' - ఏ బల్లో ఇద్దరికీ తెలుసు, ఎక్కడుందో చెబుతున్నాం, కాబట్టి 'ల మేస ఎస్తా ఎన్ ఎల్ క్వార్తొ'.

పరిష్కారం: 'కు, కి, దగ్గర' అంటే తెనేర్. 'లో, మీద, కింద' అంటే మిగతా రెండు. ఆ రెంటిలో వస్తువు ముందు ఊన, దొస్, మూచొస్ లాంటివి ఉంటే ఆయ్. ఎల్, ల, మి లాంటివి ఉంటే ఎస్తా. 'ఆయ్ ల మేస' అన్నది ఎప్పుడూ పొసగదు. ఆయ్‌తో ఒక సుఖం కూడా ఉంది: బల్ల ఒకటైనా పదైనా అది మారదు. మన ఉంది, ఉన్నాయి తేడా దానికి పట్టదు. ఎస్తా మాత్రం బహువచనంలో ఎస్తాన్ అవుతుంది.

సమస్య: 'తేంగొ కొమీదొ' అంటే ఎవరికీ అర్థం కావడం లేదు

'తిన్నాను' అనడానికి ఇంగ్లీషు సహాయక క్రియను అనుసరించి తెనేర్ వాడడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఆ పని హబేర్ అని రాసి అబేర్ అని పలికే క్రియది: 'ఎ కొమీదొ'. 'తేంగొ ఎస్క్రీతస్ త్రెస్ కార్తస్' వంటి వాక్యాలు స్పానిష్‌లో ఉన్న మాట నిజమే. మూడు ఉత్తరాలు రాసి సిద్ధంగా ఉంచానని దాని భావం. అక్కడ ఎస్క్రీతస్ ఉత్తరాలకు తగ్గట్టు స్త్రీలింగ బహువచనంలో ఉంది, గమనించారా? ఆ సొగసు కొంతకాలం తర్వాత చూసుకోవచ్చు.

సమస్య: 'వెళ్లాలి' అనబోతే 'తేంగొ ఈర్' అనో 'తేంగొ కె బోయ్' అనో వస్తోంది

కారణం: తెలుగులో 'ఆలి' ధాతువుకే అతుక్కుంటుంది, నడుమ వేరే మాట రాదు. అందుకే మొదటి వాక్యంలో 'కె' ఎగిరిపోయింది. రెండో వాక్యంలో 'నేను' రూపం రెండు క్రియలకూ వేసేశారు: ఈర్ (వెళ్లు) క్రియకు 'నేను' రూపం బోయ్.

పరిష్కారం: తెనేర్ మాత్రమే కర్తను బట్టి మారుతుంది, తర్వాత కె మారదు, దాని తర్వాతి క్రియ మూలరూపంలోనే ఉంటుంది. తేంగొ కె ఈర్, తెనేమొస్ కె ఈర్, త్యేనెన్ కె ఈర్. తెలుగులో కూడా 'నేను వెళ్లాలి, వాళ్లు వెళ్లాలి' అన్నప్పుడు 'వెళ్లాలి' మారదు. ఆ మారని ముక్క స్థానంలో 'కె ఈర్' పెట్టుకుంటే సరి.

వ్యతిరేకార్థంలో జాగ్రత్త. 'నొ త్యేనెస్ కె పగార్' అంటే సాధారణంగా 'నువ్వు డబ్బు కట్టనక్కర్లేదు' అని అర్థం. 'కట్టకూడదు' అనాలంటే 'నొ దేబెస్ పగార్'. మనకు అక్కర్లేదు, కూడదు అని రెండు వేర్వేరు మాటలున్నాయి కాబట్టి ఈ తేడా పట్టుకోవడం తేలికే, వాక్యాన్ని తెలుగులో అనుకున్నంతసేపూ.

మిగిలిన చిన్నచిన్న చిక్కులు

'నొ తేంగొ ఉన్ కోచె' అనేవారికి: కారు ఉందా లేదా అన్నదే విషయమైతే ఉన్ వదిలేయండి, 'నొ తేంగొ కోచె' చాలు. 'త్యేనెస్ ఈహొస్?' (నీకు పిల్లలున్నారా?) అన్నప్పుడూ ముందు ఏమీ ఉండదు. శరీర భాగాల దగ్గర మాత్రం 'లొస్' లాంటివి తరచుగా కనిపిస్తాయి: 'త్యేనె లొస్ ఓహొస్ నేగ్రొస్', ఆమెకు నల్లని కళ్లు.

'మన్తెనేర్' (నిలబెట్టు), 'ఒబ్తెనేర్' (పొందు), 'కొన్తెనేర్' (తనలో కలిగి ఉండు), 'దెతెనేర్' (ఆపు) కొత్త క్రియలనుకుని భయపడేవారికి: ఇవన్నీ తెనేర్‌కు ముందు ఒక ముక్క తగిలించినవే. మన్తేంగొ, మన్త్యేనెస్, మన్తెనేమొస్ అంటూ ఎక్కడా దారి తప్పవు.

దుకాణంలో చిల్లర చేతికిస్తూ 'అకీ త్యేనె' అంటే 'మీకు ఇక్కడ ఏముంది?' అని అడుగుతున్నారనుకుని తికమకపడేవారికి: అది ప్రశ్న కాదు. 'ఇదిగోండి, తీసుకోండి' అంటున్నారు. చనువున్నవారైతే 'అకీ త్యేనెస్' అంటారు. 'కె త్యేనెస్?' మాత్రం ప్రశ్నే. ముఖం వాడిపోయి కనిపించినవారిని 'ఏమైంది నీకు?' అని అడగడం అది. దానికి జేబులో ఏముందో చెప్పనక్కర్లేదు. ఒంట్లో బాగాలేకపోతే 'తేంగొ ఫ్యేబ్రె', జ్వరంగా ఉంది, అనండి.